పాత కారులో టైర్ ప్రెజర్ సెన్సార్లు పోయాయా? డీలర్, చవక సెట్టు, ప్రోగ్రామబుల్, మూత రకం: ఏది మేలు?

అమెరికాలో 2009 క్యామ్రీయో 2010 కరోలాయో ఇంకా నడుపుతున్న మనవాళ్లు తక్కువేం లేరు. ఇంజన్ రాయిలా ఉంటుంది, ఏసీ పనిచేస్తుంది, డ్యాష్‌బోర్డు మీద పసుపు టైరు లైటు మాత్రం ఆరనే ఆరదు. షాపుకి వెళ్తే నాలుగు సెన్సార్లూ మార్చాలంటారు. వాళ్లు చెప్పే రేటు వింటే, ఈ కారుకి అంత అవసరమా అనిపిస్తుంది.

ముందు ఆ లైటు ఎలా వెలుగుతోందో చూడండి. కారు స్టార్ట్ చేయగానే నిలకడగా వెలిగితే ఏదో టైరులో గాలి తగ్గినట్టే, సెన్సార్ బాగానే ఉంది. నిమిషం పైగా టపటపా కొట్టుకుని ఆ తర్వాత నిలకడగా ఉండిపోతే సిస్టమ్‌లోనే లోపం, సాధారణంగా సెన్సార్ బ్యాటరీ అయిపోయినట్టు. చలికాలం తెల్లవారుజామున వెలిగితే కంగారు పడొద్దు, పది డిగ్రీల ఫారెన్‌హీట్ పడితే టైరులో గాలి ఒత్తిడి సుమారు ఒక పీఎస్ఐ (ఒత్తిడిని కొలిచే యూనిట్) తగ్గుతుంది, గాలి కొట్టిస్తే సరి. ఇంకో సంగతి, 2013, 14 తర్వాతి హోండాలు చాలావాటిలో చక్రం లోపల అసలు సెన్సారే ఉండదు, చక్రాలు తిరిగే వేగాన్ని పోల్చి గాలి తగ్గిందని కనిపెడతాయి. వాటికి సెన్సార్లు కొంటే డబ్బు దండగ.

మిగతా కార్లు చాలావాటిలో సెన్సార్ రిమ్ము లోపల, వాల్వ్ అడుగున ఉండి, గాలి ఎంతుందో రేడియో సిగ్నల్‌తో కారుకి చెబుతుంది. ఫైర్‌స్టోన్ కంపెనీ టైర్లు ఊడి ప్రమాదాలు జరిగిన గొడవ తర్వాత 2000లో చట్టం వచ్చింది, 2007 సెప్టెంబరు నుంచి తయారైన కార్లన్నిటికీ హెచ్చరిక లైటు తప్పనిసరి అయింది. సెన్సార్లో బ్యాటరీని గట్టిగా సీల్ చేసేస్తారు, విడిగా మార్చడానికి వీల్లేదు. దాని ఆయుష్షు ఏడు నుంచి పదేళ్లు. అందుకే ఒకటి పోయిందంటే మిగతా మూడూ అదే వయసువి, వరసలో ఉన్నట్టే.

ఇక అసలు లెక్క. చాలామంది సెన్సార్ ధర ఒక్కటే చూస్తారు. నన్నడిగితే అది సగం ఖర్చే. టైరు విప్పి, ఎక్కించి, బ్యాలెన్స్ చేసినందుకు చక్రానికింత అని కూలి, ఆ పైన కొత్త సెన్సార్ నంబరు కారు కంప్యూటర్లో ఎక్కించే పని, దాన్నే రిజిస్ట్రేషన్ అంటారు. చవక సెన్సార్ ఏడాదిలో పోతే ఈ రెండూ మళ్లీ కట్టాలి, తడిసి మోపెడవుతుంది.

డీలర్ దగ్గర కంపెనీ సెన్సారే వేస్తారు, రిజిస్ట్రేషన్ కూడా వాళ్లే చేస్తారు, మనకి టెన్షన్ ఉండదు. కానీ కూలీతో కలిపి ఒక్కో చక్రానికి వంద డాలర్లు దాటడం మామూలే, నాలుగు చక్రాలకీ అంటే, పాత కారు విలువలో అదొక పెద్ద ముక్క. వారంటీలో ఉన్న కారుకైతే సరే, పదిహేనేళ్ల కారుకి నేనైతే వద్దంటాను. అదే కంపెనీ పార్టుని ఆన్‌లైన్లో తక్కువకి తెప్పించుకుని బయటి షాపులో వేయించుకోవచ్చు, కాకపోతే బయట కొన్న పార్టు వేయబోమనే షాపులూ ఉన్నాయి, ముందే అడగాలి.

ఆన్‌లైన్లో నాలుగూ కలిపి నలభై, యాభై డాలర్లకి దొరికే పేరులేని సెట్లు ఉన్నాయి కదా, వాటి దగ్గర జాగ్రత్త. కొన్ని బాగానే పనిచేస్తాయి, కాదనను. కానీ లోపల ఏ బ్యాటరీ ఉందో, ఎన్నాళ్లు గోదాములో పడి ఉందో చెప్పేవాడు లేడు. ఇంకోటి, సెన్సార్ రేడియో ఫ్రీక్వెన్సీ కారుకి సరిపోవాలి. అమెరికా పాత కార్లు చాలావరకు 315 మెగాహెర్ట్జ్, పొరపాటున 433ది తెప్పిస్తే కారు దాన్ని అసలు వినదు.

నా ఓటు మాత్రం ప్రోగ్రామబుల్ సెన్సార్లకే, అంటే షాపులో ఉండే టూల్‌తో మన కారుకి తగ్గట్టు సెట్ చేసుకునేవి. ఆటెల్, ష్రేడర్ లాంటి పేరున్న కంపెనీలవి, ఒక్కోటి సుమారు పాతిక నుంచి నలభై డాలర్లు. వీటి గొప్పతనం క్లోనింగ్. ప్రతి సెన్సార్‌కీ ఒక ఐడీ నంబరు ఉంటుంది, కారు ఆ నాలుగు ఐడీలనే గుర్తుపెట్టుకుంటుంది. పాత ఐడీనే టూల్‌తో కొత్త సెన్సార్‌లోకి ఎక్కిస్తే, మార్చిన సంగతే కారుకి తెలియదు. బ్యాటరీ పూర్తిగా చచ్చిన సెన్సార్ టూల్‌కి పలకదు, అప్పుడు టైరు విప్పాక సెన్సార్ ఒంటి మీద చిన్న అక్షరాల్లో అచ్చేసి ఉన్న నంబరు చూసి టూల్‌లో చేత్తో టైప్ చేయాలి.

టొయోటాలకి ఇది మరీ ముఖ్యం. చాలావాటిలో స్టీరింగ్ కింద ఒక బటన్ ఉంటుంది, అది నొక్కితే కొత్త సెన్సార్లు ఎక్కేస్తాయని అందరూ అనుకుంటారు. ఎక్కవు. ఆ బటన్ ఇప్పుడున్న గాలిని ప్రమాణంగా తీసుకోవడానికే. కొత్త ఐడీలు ఎక్కాలంటే ఓబీడీ పోర్టులో (డ్యాష్‌బోర్డు కింద, కారు కంప్యూటర్‌కి టూల్ తగిలించే చోటు) టూల్ పెట్టాల్సిందే. జీఎం (జనరల్ మోటర్స్) కార్లు చాలావాటికి ఈ బాధ లేదు, కారుని లెర్న్ మోడ్‌లో పెట్టి పది, ఇరవై డాలర్ల చిన్న టూల్ ఒక్కో వాల్వ్ దగ్గర పట్టుకుంటే హారన్ మోగి ఆ చక్రం ఎక్కిందని చెబుతుంది. ఫోర్డులూ చాలావరకు ఇదే తీరు.

వాల్వ్ మీద మూతలా బిగించి, చిన్న స్క్రీన్లో అంకెలు చూపించే రకం కూడా ఉంది. టైరు విప్పే పనే లేదు, ఏ టైరులో ఎంతుందో కనపడుతుంది. ఇండియాలో సెన్సార్లు లేని కార్లకి బాగానే ఉంటుంది. ఇక్కడ మాత్రం డ్యాష్‌బోర్డు లైటు దీనివల్ల ఆరదు, రోడ్డు పక్కన పెట్టిన కారు నుంచి ఎవడైనా తిప్పుకుపోవచ్చు, పైగా రబ్బరు సీలు సరిగ్గా కూర్చోకపోతే గాలి చూడాల్సిన వస్తువే గాలి తీసేస్తుంది.

అసలేమీ మార్చకుండా పది డాలర్ల గేజి కొని నెలకోసారి చూసుకోవడం కూడా ఒక దారే. కారుని ఏడాదిలో అమ్మేసేవాళ్లకి, ఆ అలవాటు నిజంగా ఉన్నవాళ్లకి అది చాలు. డ్రైవర్ తలుపు పక్క స్టిక్కర్ మీదున్న అంకె చూసి గాలి పట్టించుకోండి, టైరు మీద రాసింది కాదు, అది గరిష్ఠం. పనిచేస్తున్న సెన్సార్ తీసేసి మామూలు వాల్వ్ వేయడం షాపువాళ్లకి ఫెడరల్ చట్టం ప్రకారం కుదరదు, మీరు వెళ్లేటప్పటికే అది చచ్చి ఉంటే వేయొచ్చు. కాకపోతే హైవే మీద మేకు గుచ్చుకుని మెల్లగా గాలి పోతుంటే చెప్పే దిక్కు ఉండదు. పిల్లల్ని ఎక్కించుకుని దూరాలు తిరిగే కారుకి నేనిది చెప్పను.

ఇక ఎప్పుడు మార్చాలంటే, కొత్త టైర్లు వేయించేటప్పుడే. ఎలాగూ టైర్లు విప్పుతారు, కూలి కలిసొస్తుంది. నాలుగూ ఒకేసారి ప్రోగ్రామబుల్‌వి వేయించండి, వాల్వ్ కింద రబ్బరు సీళ్లూ కొత్తవి వేయమనండి. రేటు అడిగేటప్పుడు రిజిస్ట్రేషన్ లేదా క్లోనింగ్ అందులో కలిసి ఉందా అని తేల్చుకోండి, బిల్లు దగ్గర వాదులాట అక్కడే వస్తుంది. పనయ్యాక టూల్ స్క్రీన్ మీద నాలుగు ఐడీలూ కనపడతాయి, ఫోన్లో ఒక ఫొటో తీసి పెట్టుకోండి, ఈసారి ఏ సెన్సార్ చచ్చినా దాని నంబరు కోసం టైరు విప్పక్కర్లేదు.