ఇల్యా ఎప్పుడొస్తాడు? అంకుల్ సినిమాల సెట్టుతో పదకొండేళ్లు

‘ద మ్యాన్ ఫ్రమ్ అంకుల్’ అనే అమెరికా టీవీ ధారావాహిక నుంచి తయారైన ఎనిమిది సినిమాల డిస్కుల సెట్టు నా దగ్గర పదకొండేళ్లుగా ఉంది. ఒక్కొక్క సినిమానూ కనీసం మూడేసి సార్లు చూశాను, రెండింటి విషయంలో లెక్క పెట్టడం ఎప్పుడో మానేశాను. ఇన్నేళ్ల తరువాత నాకు మిగిలిన ఫిర్యాదు ఒక్కటే, కానీ అది చిన్నది కాదు. ధారావాహికను సినిమాగా పెంచడం కోసం ప్రత్యేకంగా తీసి అతికించిన దృశ్యాల్లో, నేను గమనించినంతవరకు, ఇల్యా కుర్యాకిన్‌కు దక్కింది చాలా తక్కువ. దొరికిన అదనపు నిమిషాల్లో ఎక్కువ భాగం నెపోలియన్ సోలో సరసాలకే ఖర్చయ్యాయి. నేను ఈ సెట్టు కొన్నదేమో ఇల్యాగా వేసిన డేవిడ్ మెకలమ్ కోసం.

ధారావాహిక గురించి తెలిసినవారికి కొత్తగా చెప్పవలసింది లేదు. పేరు విని అంకుల్ అంటే పక్కింటి బాబాయి గారనుకునేవారికి మాత్రం, అది న్యూయార్క్‌లో ఒక దర్జీ కొట్టు వెనుక దాక్కున్న గూఢచారి సంస్థ పేరు అని చెబితే చాలు. అమెరికా టెలివిజన్‌లో 1964 నుంచి 1968 జనవరి వరకు 105 ఎపిసోడ్లు వచ్చాయి. ఆ సంస్థ గూఢచారులైన సోలోగా రాబర్ట్ వాన్, ఇల్యాగా మెకలమ్ నటించారు.

మా ఇంట్లోకి ఈ పిచ్చి నా ద్వారా కాక మా నాన్నగారి ద్వారా వచ్చిందని చెప్పాలి. ఆయన డాలస్‌లో మా చెల్లెలి దగ్గర ఆరు నెలలున్నప్పుడు, పగలంతా ఇంట్లో ఒక్కరే కూర్చొని ‘ఎన్‌సీఐఎస్’ అనే నేరపరిశోధన ధారావాహిక పాత ఎపిసోడ్లు చూసేవారు. అందులో శవపరీక్షలు చేస్తూ, ఆ శవాలతోనే మర్యాదగా కబుర్లు చెప్పే డకీ అనే ముసలి డాక్టరంటే ఆయనకు చెప్పలేనంత ఇష్టం. తిరిగి వచ్చాక ఎవరైనా విసుగ్గా మాట్లాడితే, “ఆ డాక్టర్ని చూసి నేర్చుకోండిరా, చచ్చినవాళ్లతో కూడా నెమ్మదిగా మాట్లాడతాడు” అనేవారు. ఆ డాక్టరు యౌవనంలో ఎలా ఉండేవాడని ఒక పాత్ర అడిగితే, ఇల్యా కుర్యాకిన్‌లా ఉండేవాడని మరొకరు జవాబిచ్చే చమత్కారం ఆ ధారావాహికలోనే ఒకచోట ఉంది. డకీగా వేసింది కూడా మెకలమే మరి. నాన్నగారికి అది అర్థం కాలేదు, నన్నడిగారు. నేను వెతికి, సెట్టు తెప్పించి, సినిమా పెట్టి చూపిస్తే, నల్లటి మెడపట్టీ స్వెట్టరులో ఉన్న ఆ బంగారు జుట్టు కుర్రవాడిని చూసి ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత, “గొంతు మాత్రం అదే” అన్నారు.

గూఢచారి అంటే ఆయనకు 1966 నాటి ‘గూఢచారి 116’లో కృష్ణే. ఆ సంవత్సరమే అంకుల్ సినిమాలు మొదటి రెండూ అమెరికాలో జంటగా విడుదలయ్యాయని చెబితే, తన యౌవనానికి ఎవరో సాక్ష్యం ఇచ్చినంత సంతోషించారు.

మొదటి ఏడాది నేను ఈ సెట్టును కనిపించిన ప్రతివారి దగ్గరా పొగిడాను. ధారావాహిక మొత్తం చూడడానికి నెలలు పడుతుంది, ఇక్కడ ఎనిమిది ఆదివారాల్లో పని అయిపోతుంది అన్నాను. మొదటి సీజన్ టెలివిజన్‌లో నలుపు తెలుపుల్లోనే వచ్చింది, సినిమాలన్నీ రంగుల్లో ఉన్నాయి అన్నాను. ఈ మాటలు అబద్ధాలు కావు, అయితే ఇప్పుడు అంత గట్టిగా అనలేను. ఎందుకో చెప్పాలంటే, ఒక వానాకాలపు రాత్రి జరిగిన సంగతి చెప్పాలి.

సినిమాల సెట్టు కొన్న రెండేళ్ల తరువాత ధారావాహిక మొదటి సీజన్ కూడా సంపాదించాను. రోజుకు ఒక ఎపిసోడ్ చొప్పున నాన్నగారూ నేనూ భోజనాలయ్యాక చూసేవాళ్లం. ఆ రాత్రి పెట్టిన ఎపిసోడ్ పేరు ‘ద ఫోర్ స్టెప్స్ అఫైర్’. అందులో లుచానా పలుట్సీ కనిపించింది, నవ్వింది, తల తిప్పింది. నాన్నగారు కుర్చీలో ముందుకు వంగి, “ఈ అమ్మాయి మనం చూసిన సినిమాలో రంగుల్లో వచ్చింది కదరా?” అన్నారు. నటి అదే అయి ఉంటుంది, అప్పట్లో ఇలాంటి పాత్రలు చాలా వేసింది, 1965లో బాండ్ సినిమా ‘థండర్‌బాల్’లో కూడా ఉంది అని నేను సర్దిచెప్పబోయాను. “నటి సంగతి కాదు, ఈ నవ్వు సంగతి చెబుతున్నాను” అన్నారాయన.

నేను మొదట డిస్కు తప్పుగా వచ్చిందనుకున్నాను. తరువాత నా జ్ఞాపకం తప్పిందనుకున్నాను. చివరికి ల్యాప్‌టాప్‌లో ‘టు ట్రాప్ ఎ స్పై’ సినిమా డిస్కు పెట్టి, టీవీ పక్కనే స్టూలు మీద ఉంచి, రెండింటినీ ఆపుతూ నడుపుతూ ఒకచోటికి తెచ్చాను. ఎడమవైపు నలుపు తెలుపు, కుడివైపు రంగులు. అదే గది, అదే స్త్రీ, అదే నవ్వు, అదే మాటకు అదే తడబాటు. ఒకే పెళ్లిలో ఒకరి దగ్గర మామూలు కెమెరా, మరొకరి దగ్గర కలర్ కెమెరా ఉంటే వచ్చే రెండు ఆల్బముల్లా ఉన్నాయి. వాన వల్ల కరెంటు ఒకసారి పోయి వచ్చింది, మళ్లీ మొదటి నుంచి సరిచూశాం. రాత్రి పన్నెండు దాటింది.

అసలు కథ ఇది. ధారావాహికకు నమూనాగా తీసిన మొదటి ఎపిసోడ్‌ను రంగుల్లోనే చిత్రీకరించారు, కానీ 1964 సెప్టెంబరులో ‘ద వల్కన్ అఫైర్’ అనే పేరుతో నలుపు తెలుపుల్లో ప్రసారం చేశారు. దానినే విదేశాల్లో సినిమాగా అమ్మాలని, పలుట్సీతో కొన్ని దృశ్యాలు అదనంగా తీసి జోడించారు. ఆ అదనపు దృశ్యాలు అమెరికా టెలివిజన్ ప్రేక్షకులు చూడనివి కాబట్టి, వృథా పోనివ్వకుండా వాటి చుట్టూ మరొక కథ అల్లి, అదే సీజన్‌లో ఇంకొక ఎపిసోడ్ చేశారు. మిగిలిన అన్నాన్ని మర్నాడు పొద్దున తాలింపు పెట్టి వడ్డించే ఇల్లాలికి కూడా ఇంత పొదుపు తెలిసి ఉండదు. ఈ సంగతి తెలిసిన రాత్రి నేను ఎంత ఆనందించానో చెప్పలేను, ఒక స్టూడియో వంటింటి తలుపు తెరిచి లోపలికి తొంగి చూసినట్టనిపించింది.

ఆ ఆనందం వెంటే అసంతృప్తి కూడా మొదలైంది. అప్పటి నుంచి ప్రతి సినిమాలోనూ ఏది అసలు, ఏది అతుకు అని చూడడం అలవాటైపోయింది. మొదటి సినిమాలో ఇల్యా వచ్చి వెళ్లేది కొద్ది నిమిషాలు మాత్రమే. నమూనా ఎపిసోడ్ నాటికి ఆ పాత్ర అంత చిన్నదే కాబట్టి అందుకు ఎవరినీ తప్పు పట్టలేను. పైగా ఆ సినిమాలో అంకుల్ సంస్థ అధిపతి కూడా మనకు తెలిసిన లియో జి. కారల్ కాదు, విల్ కులువా అనే మరొక నటుడు. శత్రు సంస్థ పేరు కూడా థ్రష్ బదులు వాస్ప్ అని వినిపిస్తుంది. ఇల్లు కట్టకముందు వేసిన నమూనా పటంలా చూడవలసిన సినిమా అది.

నా బాధ ఆ తరువాతి వాటి గురించి. ధారావాహిక నడుస్తున్న కొద్దీ ఇల్యాకు వచ్చిన ఆదరణ అంతా ఇంతా కాదు, ఎంజీఎం స్టూడియో చరిత్రలో ఏ నటుడికీ రానన్ని అభిమానుల ఉత్తరాలు మెకలమ్‌కు వచ్చాయని చెబుతారు. క్యూబా క్షిపణుల గొడవ జరిగి రెండేళ్లైనా కాకముందు, ఒక రష్యన్‌ను అమెరికన్ ఇళ్లలో ఇష్టమైన మనిషిగా నిలబెట్టిన నటుడతను. అది కూడా ఎక్కువ మాట్లాడకుండా, కనుబొమ్మ కొంచెం ఎత్తి, పక్కన సోలో ఏదో ప్రగల్భం పలుకుతుంటే ఓపికగా వింటూ సాధించాడు. అలాంటివాడు చేతిలో ఉండగా, రెండో సినిమా ‘ద స్పై విత్ మై ఫేస్’లో సెంటా బెర్గర్‌తోనూ, మూడోది ‘వన్ స్పై టూ మెనీ’లో ఈవాన్ క్రెయిగ్‌తోనూ సోలో సరాగాలను పెంచుకుంటూ పోయారు. థియేటరుకు టిక్కెట్టు కొని వచ్చేవాడికి టీవీలో దొరకనిది ఏదో ఇవ్వాలనే లెక్క నాకు అర్థమవుతుంది. అయినా అర్థం కావడం వేరు, ఒప్పుకోవడం వేరు.

రాబర్ట్ వాన్‌కు అన్యాయం చేయడం నా ఉద్దేశం కాదు. రెండో సినిమాలో ఆయనది ద్విపాత్రాభినయం, అసలు సోలో ఒకడు, శత్రువులు తయారుచేసిన సోలో మరొకడు. ఎన్టీఆర్ ద్విపాత్రలు చూసి పెరిగిన కళ్లకు మీసమూ గొంతూ మార్చకుండా ఇద్దరిని ఎలా వేరు చేస్తాడా అని సందేహం ఉంటుంది. వాన్ ఆ పనిని కళ్లలో చల్లదనంతో చేశాడు, నాన్నగారు కూడా తల ఊపారు.

ఇల్యా కోసం చూసేవారికి నాలుగో సినిమా ‘వన్ ఆఫ్ అవర్ స్పైస్ ఈజ్ మిస్సింగ్’ ఉత్తమం. ముసలివారిని తిరిగి యువకులను చేసే ప్రయోగం చుట్టూ నడిచే కథ, అందులో ఇల్యా లండన్ వీధుల్లో మాయమవుతున్న పిల్లుల సంగతి తేల్చవలసి వస్తుంది. సోలో ప్యారిస్‌లో ఫ్యాషన్ దుకాణాల మధ్య తిరుగుతుంటే ఇతను పిల్లుల వెంట పడతాడు. ఆ పనిని ఎక్కడా హాస్యం చేయకుండా, అణుబాంబు కోసం వెతికినంత శ్రద్ధగా చేస్తాడు మెకలమ్. మా ఇంట్లో దీనికి పిల్లుల సినిమా అని పేరు. 2023 సెప్టెంబరు 25న, తొంభై ఏళ్లు నిండిన ఆరు రోజులకే మెకలమ్ పోయారని తెలిసిన రాత్రి మేము పెట్టుకున్నది కూడా అదే. డకీ పాత్రను ఆయన ఇరవై ఏళ్లు మోశారు. అంతకుముందు టైటానిక్ మునక మీద 1958లో వచ్చిన చిత్రంలో వైర్‌లెస్ ఆపరేటరుగా, ‘ద గ్రేట్ ఎస్కేప్’లో ఖైదీగా కనిపించారు. తండ్రి లండన్ వాద్యబృందాల్లో ప్రథమ వయొలినిస్టు, తానూ ఓబో నేర్చుకున్నవాడే. ఇంత పని చేసిన మనిషిని తలచుకోవడానికి పిల్లుల సినిమాయా అని ఎవరికైనా అనిపించవచ్చు, మాకు అనిపించలేదు.

నేను ముందుగా ఊహించని సుఖం ఒకటి ఈ సెట్టులో ఉంది. మొదటి రెండూ ఒక్కొక్క ఎపిసోడ్‌ను పెంచి చేసినవి, తక్కిన ఆరూ రెండు భాగాల ఎపిసోడ్లను కలిపి కుట్టినవి. అందువల్ల సగం దగ్గర, అసలు మొదటి భాగం ముగిసినచోట, కథ ఒక్కసారిగా ఎత్తుకు లేస్తుంది. అమెరికా విమర్శకుడికి అది అతుకులా కనబడుతుందేమో కానీ, తెలుగు ప్రేక్షకుడికి అది విశ్రాంతి. నాన్నగారు మూడో సినిమాలోనే దీన్ని పట్టేశారు. సమయం వచ్చేసరికి, “ఇక్కడ పడుతుంది చూడు” అని చెప్పి లేచి మంచినీళ్లకు వెళ్లేవారు. ఆరింటిలో నాలుగుసార్లు ఆయన అంచనా సరిపోయింది.

మిగిలినవాటి గురించి పెద్దగా చెప్పడానికి లేదు. ‘ద స్పై ఇన్ ద గ్రీన్ హ్యాట్’లో జాక్ పాలన్స్, జానెట్ లీ ఇద్దరూ పోటీపడి అతి చేశారు, అది సరదాగానే ఉంటుంది. సముద్రపు నీటి నుంచి బంగారం తీసే సూత్రం కోసం వెతికే ‘ద కరాటే కిల్లర్స్’ మొదట్లో బుల్లి హెలికాప్టర్లు కారును తరిమే సన్నివేశం మా అబ్బాయికి ఇష్టం, ఆ సినిమాలో మిగతా కథ వాడికి కూడా అక్కర్లేదు. ‘ద హెలికాప్టర్ స్పైస్’ కథ ఇప్పుడు చెప్పమంటే నేను చెప్పలేను, అదే దాని మీద నా అభిప్రాయం. చివరిది ధారావాహిక ముగిసిపోతున్న రోజులది, ఆ అలసట అందులో తెలుస్తుంది.

డిస్కుల విషయానికి వస్తే, ఎనిమిదో ఏడు దాటాక ఒకటి మధ్యలో ఆగిపోవడం మొదలుపెట్టింది. మెత్తటి గుడ్డతో తుడిచి చూశాం, వేరే ప్లేయరులో పెట్టి చూశాం. అమ్మినవారిని అడిగితే గడువు దాటిందన్నారు, అది నిజమే. ఆగిపోయేది ‘ద హెలికాప్టర్ స్పైస్’ కాబట్టి నేను ఎక్కువ పోట్లాడలేదు. పిల్లుల సినిమా అయి ఉంటే ఈ సమీక్ష మరొకలా ఉండేది.

కాబట్టి కొనమనడానికీ వద్దనడానికీ నాకు ధైర్యం చాలదు. ఎనభై దాటిన తండ్రి పక్కన కూర్చొని, వారానికి గంటన్నర మాత్రమే దొరికే నాబోటివారికి ఇది బాగా సరిపోయింది. ఇల్యా ఒక్కడి కోసమే వచ్చేవారు మాత్రం ముందు ధారావాహిక రెండో సీజన్ చూసి, ఆ తరువాత పిల్లుల సినిమా చూడాలి, మొదటి సినిమాను ఆఖరుకు ఉంచుకోవాలి. అతుకులు వెతికే రోగం ఉన్నవారు సినిమాల సెట్టూ మొదటి సీజనూ కలిపి తెచ్చుకొని, రెండు తెరలు పక్కపక్కన పెట్టుకుంటే సరి. మా స్టూలు ఇప్పటికీ టీవీ పక్కనే ఉంది.