బండి మీద పిల్లల బెల్టు: ఏది కొనాలి, ఎలా కట్టాలి

టూవీలర్ మీద చిన్నపిల్లల్ని కూర్చోబెట్టుకోవడానికి అమ్ముతున్న సేఫ్టీ బెల్టులు రెండు రకాలు. మొదటిది వట్టి నడుం పట్టీ. పిల్లల నడుమునీ నడిపేవాళ్ల నడుమునీ కలిపి చుట్టేస్తారు. రెండోది జాకెట్ రకం. పిల్లలకు చొక్కాలా తొడిగి, దాని పట్టీలను నడిపేవాళ్లు రెండు భుజాలకూ తగిలించుకుంటారు.

చవగ్గా వస్తోందని నడుం పట్టీ కొనకండి. కునుకు పడగానే పిల్లల తల, భుజాలు ఒక పక్కకి వాలిపోతాయి. నడుం దగ్గరి పట్టీ వాటిని ఆపలేదు. కిందికి జారితే ఆ పట్టీయే చంకల్లోకి, అక్కణ్నుంచి మెడ దాకా ఎక్కుతుంది. నాలుగేళ్ల లోపు పిల్లలకు హార్నెస్ (ఒంటికి తొడిగే సేఫ్టీ బెల్టు) ఉండాలని కేంద్రం 2022లో మోటారు వాహనాల నిబంధనల్లో చేర్చింది, 2023 ఫిబ్రవరి నుంచి అమలు. అందులో వర్ణించింది జాకెట్ రకాన్నే: గట్టి నైలాన్, లోపల ఒత్తయిన ఫోమ్, 30 కిలోల దాకా ఆపగలిగే బలం. పిల్లలు ఎక్కి ఉంటే వేగం గంటకు 40 కిలోమీటర్లు దాటకూడదని కూడా అదే నిబంధన.

పెట్టె మీద 30 కిలోలని రాసి ఉంటే పొంగిపోనక్కర్లేదు. ఒక్కసారిగా కుదుపు పడినప్పుడు పట్టీ మీద పడే లాగుడు పిల్లల బరువుకన్నా ఎక్కువే ఉండొచ్చు. అందుకే జాకెట్‌ని తిరగేసి కుట్టు చూడాలి. పట్టీ కలిసే ప్రతి చోటా చదరంగా కుట్టి, మధ్యలో ఇంటూ మార్కు వేసి ఉండాలి. ఒకే వరస కుట్టుంటే పక్కన పెట్టేయండి. బకిల్ పెట్టి గట్టిగా పది సార్లు గుంజి చూడండి. ఒక పక్క పన్ను సగమే దిగే బకిళ్లు చాలా వస్తున్నాయి. క్లిక్‌మని వినిపించినా ఒక్క గుంజుకి ఊడొస్తాయి. సైజు సరిచేసే ప్లాస్టిక్ ముక్క దగ్గర పట్టీ నెమ్మదిగా జారుతోందేమో కూడా గమనించాలి.

కట్టడంలో ఒక వరస ఉంది. బండి స్టాండు మీద ఉండగానే జాకెట్ తొడిగి, పిల్లల ఛాతీకీ పట్టీకీ మధ్య రెండు వేళ్లు దూరేంత వదులుంచాలి. తర్వాత నడిపేవాళ్లు కూర్చుని భుజాల పట్టీలు వేసుకుని, చివర్లో నడుం బకిల్ పెట్టాలి. పిల్లల బరువు సీటు మీదే ఆనాలి, మీ భుజాలకు వేలాడకూడదు. మిగిలిన పట్టీ కొసని తప్పక మడిచి కట్టేయండి. జానెడు కొస వేలాడినా చక్రంలో పడొచ్చు. చున్నీ, పైట కొంగుల సంగతి వేరే చెప్పాలా? దిగేటప్పుడు ముందు మీ బకిల్ తీయాలి. బెల్టు ఉన్న సంగతి మరిచి కాలు తిప్పి దిగితే పిల్లల్నీ మీతోపాటు లాక్కొస్తారు. వానాకాలంలో బెల్టుని రెయిన్‌కోటు మీద వేసుకుని, పొడవు మళ్లీ సరిచేసుకోవాలి.

అన్నీ సరిగ్గా చేసినా బెల్టు ఆపేది జారి పడటాన్ని మాత్రమే. స్పీడ్ బ్రేకరు దగ్గర ఎగిరినా, నిద్రలో వాలినా, ఒక్కసారిగా బండి ముందుకు దూకినా కాపాడుతుంది. ఏదైనా గుద్దితే మీతోపాటే పిల్లలూ పడతారు. అప్పుడు తలకి దిక్కు హెల్మెట్టే. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల వయసుకి అది తప్పనిసరి. పెద్దల హెల్మెట్ బరువు ఆ మెడ మోయలేదు. పిల్లల సైజుది, ఐఎస్ఐ గుర్తున్నది తీసుకోవాలి. ఈఎన్ 1078 అనే యూరప్ ప్రమాణానికి సరిపోయే పిల్లల సైకిల్ హెల్మెట్‌నీ నిబంధన ఒప్పుకుంటుంది, ఇది ఇంకా తేలిక. కొనే ముందు కనుబొమల పైనుంచి తల చుట్టూ టేపుతో కొలవండి. పెరుగుతారు కదా అని ఒక సైజు పెద్దది కొనడం స్కూలు యూనిఫాంకి బాగుంటుందేమో గానీ, హెల్మెట్‌కి పనికిరాదు. మెడ కూడా నిలవని పసికందుని మాత్రం ఏ బెల్టుతోనూ బండెక్కించొద్దు.

బెల్టు అమ్మేవాళ్లు ఎత్తని విషయం కాళ్లు. రెండు మూడేళ్ల పిల్లల పాదాలు ఫుట్‌రెస్టుకి అందవు, సరిగ్గా వెనక చక్రం పక్కనే వేలాడతాయి. మోటార్‌సైకిల్ మీద మడమ చువ్వల్లో పడితే చర్మం, కండ లేచొచ్చే గాయాలవుతాయి. శారీ గార్డు ఎడమ పక్కనే ఉంటుంది, కుడి పక్క వేడెక్కి కాల్చే సైలెన్సరు. మూసి ఉన్న బూట్లు వేయండి, చెప్పులొద్దు. చిన్నపిల్లలున్న ఇంట్లో మోటార్‌సైకిల్ కన్నా స్కూటర్ మేలు. అలాగని ముందు నిలబెట్టే అలవాటు వద్దు. బ్రేకు పడగానే గడ్డం వెళ్లి హ్యాండిల్‌కి కొట్టుకుంటుంది, పట్టు కోసం పిల్లలు యాక్సిలరేటర్ తిప్పేస్తారు కూడా. ఈ బెల్టు వెనక కూర్చునేవాళ్ల కోసం చేసింది, ముందుకి తిప్పి కట్టడానికి కాదు.

వాడిన బెల్టు ఎవరైనా ఇస్తే బకిల్ మీద తెల్లటి గీతలు, పట్టీ అంచుల్లో నూగు ఉన్నాయేమో చూసుకోండి. ఎండకి మాడిన ప్లాస్టిక్, నైలాన్ అలాగే అవుతాయి. ఉంటే వాడొద్దు.