హెడ్‌సెట్‌లో ఒకరు చూసేది గదంతా చూడాలంటే

తిరుపతి బాలాజీ కాలనీ దగ్గర ఇంటర్ బైపీసీ పిల్లలకు జువాలజీ చెబుతాను. రెండేళ్ల క్రితం సొంత డబ్బుతో సెకండ్‌హ్యాండ్‌లో క్వెస్ట్ 2 అనే వీఆర్ హెడ్‌సెట్ కొన్నాను. కళ్లకు తొడుక్కుంటే చుట్టూ మరో లోకం కనపడే పరికరం అది. పిల్లలను గుండె లోపలికి తీసుకెళ్లి చూపించాలని నా కోరిక. మొదటి రోజు హెడ్‌సెట్ పెట్టుకున్న అమ్మాయి "అబ్బా" అంటూ చేతులు గాల్లో తిప్పుతోంది. మిగతా యాభై తొమ్మిది మంది ఆ అమ్మాయిని చూసి నవ్వుతున్నారు. తను ఏం చూస్తోందో నాకే తెలియనప్పుడు పాఠం ఎలా చెప్పను? అప్పటి నుంచి నా తిప్పలన్నీ ఆ దృశ్యాన్ని అందరి ముందుకు తేవడం గురించే.

హెడ్‌సెట్‌తో వచ్చే క్యాస్టింగ్, అంటే లోపలి దృశ్యాన్ని వేరే తెరకు పంపడం, సులువైన దారి. ఫోన్‌లోని యాప్‌కి గానీ, కంప్యూటర్‌లో బ్రౌజర్‌కి గానీ పంపుకోవచ్చు. ఇంట్లో నలుగురు కూర్చుని చూడటానికి అది చాలు. కానీ ఒకసారికి ఒక్క పరికరానికే వెళ్తుంది. ల్యాప్‌టాప్‌కి పంపి, దానికి ప్రొజెక్టర్ తగిలించి కొన్ని నెలలు నడిపాను. మా గదికి మూడు కిటికీలు, పగటి వెలుతురులో గోడ మీద బొమ్మ వెలిసిపోయేది. వెనక బెంచీల వాళ్లకు ఎర్రటి మసక తప్ప ఏమీ కనపడేది కాదు.

ఇప్పుడు వాడే పద్ధతి కంటే ముందు వైఫై కథ చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ మంది ఆగిపోయేది అక్కడే. కాలేజీ వైఫైలో హెడ్‌సెట్, ల్యాప్‌టాప్ రెండూ కనెక్ట్ అయ్యేవి, ఒకదానికొకటి మాత్రం కనపడేవి కావు. భద్రత కోసం పరికరాల మధ్య అడ్డుగోడ పెట్టే సెట్టింగ్ ఒకటి ఉంటుందని చాలా రోజులకు గానీ తెలియలేదు. ఫోన్ హాట్‌స్పాట్ పెడితే బొమ్మ ముక్కలు ముక్కలుగా వచ్చేది. మా చుట్టూ అన్నీ హాస్టళ్లు, కోచింగ్ సెంటర్లు. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదాని మీద ఒకటి పడని చానళ్లు 1, 6, 11 మూడే, ఆ మూడింటిలోనే వీధి మొత్తం ఇరుక్కుని ఉంటుంది. చివరికి 5 గిగాహెర్ట్జ్ కూడా ఉన్న రౌటర్ ఒకటి కొని బల్ల మీదే పెట్టుకున్నాను. ఆ సిగ్నల్ గోడ దాటితే బలహీనపడుతుంది కాబట్టి పక్కవాళ్లది కూడా మన గదిలోకి అంతగా రాదు. ఈ రెండేళ్లలో నేను పెట్టిన ఖర్చుల్లో ఇంతగా పనికొచ్చింది ఇంకోటి లేదు.

ఇప్పుడు వాడే పద్ధతి ఇది. హెడ్‌సెట్‌లో డెవలపర్ మోడ్ (కంప్యూటర్ నుంచి ఆదేశాలు తీసుకోనిచ్చే సెట్టింగ్) ఆన్ చేసి, ఎస్‌సీఆర్‌సీపీవై (scrcpy) అనే ఉచిత ప్రోగ్రామ్‌తో దృశ్యాన్ని ల్యాప్‌టాప్‌కి తెచ్చుకుంటాను. దీనికి ఇంటర్నెట్ అక్కర్లేదు. రెండు కళ్ల బొమ్మలూ పక్కపక్కన వస్తాయి, క్రాప్ ఆప్షన్‌తో ఒకదాన్నే ఉంచుకోవాలి. ఆ విండోను ఓబీఎస్ అనే వీడియో ప్రసార ప్రోగ్రామ్‌లోకి తీసుకుని, అదే ల్యాప్‌టాప్‌లో నడిచే మీడియాఎంటీఎక్స్ అనే, వీడియోను అందరికీ పంచే చిన్న సర్వర్‌కి పంపుతాను. పిల్లల దగ్గర పది ట్యాబ్‌లు, ఆరుగురికి ఒకటి. వాటిలో యాప్ ఏదీ వేయలేదు, బ్రౌజర్‌లో ల్యాప్‌టాప్ అడ్రస్ కొడితే బొమ్మ వస్తుంది.

మొదట వీడియోను చిన్న ముక్కలుగా కోసి అందించే హెచ్‌ఎల్‌ఎస్ పద్ధతిలో పంపాను. బొమ్మ చక్కగా ఉంది, కాకపోతే కొన్ని సెకన్లు ఆలస్యం. హెడ్‌సెట్‌లో ఉన్న అబ్బాయి "వాల్వు మూసుకుంటా ఉండాది మేడమ్" అంటాడు, ట్యాబ్‌లలో అది ఇంకా తెరుచుకునే ఉంటుంది. కింద కూర్చున్నవాళ్లు "లేదు లేదు" అని అరుస్తారు. క్లాసు అక్కడే చెదిరిపోయేది. వీడియో కాల్స్‌లో వాడే వెబ్‌ఆర్‌టీసీ పద్ధతికి మారాక ఆలస్యం సెకను లోపుకు వచ్చింది. ఓబీఎస్ 30వ వెర్షన్ నుంచి దానికి నేరుగా పంపే సౌకర్యం ఉంది, వీడియోను కుదించే ఎన్‌కోడర్‌ సెట్టింగ్‌లలో బీ-ఫ్రేమ్‌లు (తర్వాతి ఫ్రేమ్ వచ్చేదాకా ఆగే ఫ్రేమ్‌లు) సున్నా పెట్టాలి. ఒక్కో ట్యాబ్‌కి విడిగా ప్రవాహం వెళ్తుంది. ఒక్కోదానికి 3 మెగాబిట్లు లెక్కేసినా పదికి సెకనుకు 30. అందుకే ల్యాప్‌టాప్‌ని రౌటర్‌కి వైరుతో కలపండి. దాన్ని కూడా వైఫైలోనే ఉంచితే అదే గాలిలో బొమ్మ నాలుగుసార్లు ప్రయాణించాలి. హెడ్‌సెట్ పెట్టుకున్నవాళ్లకు మాత్రం వైరు ఉండకూడదు, తిరిగేటప్పుడు కాలికి చుట్టుకుంటుంది.

ఇంత శ్రమ దేనికంటే, ఒక్క ఉదాహరణ చెబుతాను. పుస్తకంలో గుండె బొమ్మకు ఎడమ జఠరిక మన కుడివైపు ఉంటుంది. ప్రతి ఏడాదీ సగం మంది అక్కడే తప్పుతారు. హెడ్‌సెట్‌లో ఒక అమ్మాయి గుండెను ఎదురుగా చూసి, నడుచుకుంటూ వెనక్కి వెళ్లి నిలబడింది. ఎడమ జఠరిక తన ఎడమ చేతివైపుకు వచ్చేసింది. మిగతా వాళ్లంతా ఆ నడకను తమ ట్యాబ్‌లో చూశారు. ఆ గోడ ఎందుకంత మందంగా ఉందో నేను అడగకముందే వెనక బెంచీ నుంచి జవాబు వచ్చింది: ఒళ్లంతటికీ రక్తం తోయాల్సింది అదే కదా మేడమ్ అని.

జాగ్రత్తలు కొన్ని. పెట్టుకున్నవాళ్లు తల గబుక్కున తిప్పితే చూసేవాళ్లకు కళ్లు తిరుగుతాయి. "మెల్లగా తిప్పు నాయనా" అని ముందే చెబుతాను. హెడ్‌సెట్ ఒకరి నుంచి ఒకరికి మారేటప్పుడు తెర నల్లబడుతుంది, ఆ అర నిమిషం ప్రశ్నలకు వాడుకుంటాను. బ్యాటరీ మామూలుగా రెండు మూడు గంటలు వస్తుందంటారు, ఇలా పంపుతూ ఉంటే నాకు గంటన్నర. మే నెలలో మా గది వేడికి లెన్సుల మీద చెమట ఆవిరి పడుతుంది, నూలు గుడ్డ దగ్గర పెట్టుకోవాలి. కరెంటు పోతే ల్యాప్‌టాప్ నడుస్తుంది కానీ రౌటర్ ఆగుతుంది, దానికి చిన్న యూపీఎస్ ఉండాలి.

ఇంకొకటి. హెడ్‌సెట్ రీస్టార్ట్ అయిన ప్రతిసారీ యూఎస్‌బీ వైరు ఒకసారి తగిలించి 'ఏడీబీ టీసీపీఐపీ 5555' (adb tcpip 5555) అన్న కమాండ్ మళ్లీ ఇవ్వాలి, అప్పుడే అది వైరు లేకుండా ల్యాప్‌టాప్‌తో కలుస్తుంది. నేను దాన్ని కాగితం మీద రాసి ల్యాప్‌టాప్ మూతకు అంటించాను. ఇప్పుడు నేను క్లాసుకు రావడం ఐదు నిమిషాలు ఆలస్యమైతే ముందు బెంచీ అమ్మాయిలే అది చూసి కనెక్ట్ చేసి ఉంచుతున్నారు.