వాంబట్ గజ్జి: కర్రతో మందు పోయాలా, బొరియకు మూత కట్టాలా?

వాంబట్ పట్టపగలు మేస్తూ కనిపించిందంటే అనుమానించాల్సిందే. ఆస్ట్రేలియాలో బొరియల్లో ఉంటూ గడ్డి మేసే ఈ సంచి జంతువు రాత్రిపూట తిరిగేది. గజ్జి పట్టినప్పుడు దురద నిద్రపోనివ్వదు, వెంట్రుకలు రాలిన ఒంటికి చలి ఆగదు, కొవ్వంతా కరిగిపోయి ఎంత మేసినా చాలదు. ముదిరితే చర్మం మందంగా పెచ్చు కట్టి పగులుతుంది, కళ్లూ చెవులూ పూడుకుపోతాయి. వైద్యం అందకపోతే చాలావరకు చావే.

మనుషులకూ కుక్కలకూ గజ్జి తెచ్చే సార్కాప్టిస్ స్కేబియై అనే పురుగే దీనికీ కారణం. యూరప్ నుంచి వలస వచ్చినవారితో, వారి కుక్కలతో ఇది ఆస్ట్రేలియా చేరి ఉంటుందని పరిశోధకుల అంచనా. అందుకే, ప్రకృతి చూసుకుంటుంది, మనం కల్పించుకోవద్దు అనే మాట నాకు రుచించదు. అయితే ఆ వాదనలోనూ కొంత పస ఉంది. ఆస్ట్రేలియాలోని ద్వీప రాష్ట్రమైన టాస్మేనియా మొత్తం మీద చూస్తే వాంబట్‌లు తగ్గిపోలేదు. కానీ అదే ద్వీపంలోని నరాన్‌టపు జాతీయ ఉద్యానవనంలో 2010 తర్వాత కొన్నేళ్లలోనే 94 శాతం తుడిచిపెట్టుకుపోయాయి. రోగం తిష్ఠ వేసిన చోట సగటు లెక్కలు ఊరట ఇవ్వవు.

పట్టి, మత్తు ఇచ్చి, సూది వేయడం ఒక దారి. ఆస్పత్రికి తెచ్చిన జంతువుకైతే సరే. అడవిలో దాన్ని పట్టడమే ఒక గండం, చిక్కిపోయిన వాంబట్ ఆ బెదురుకు, మత్తుకు తట్టుకోకపోవచ్చు. గుంపుకు గుంపుకే వైద్యం చేయాలంటే ఇది కుదిరే పని కాదు.

అసలు పోటీ మిగతా రెండింటి మధ్య. మొదటిది పొడవాటి కర్ర చివర గరిటె లాంటిది కట్టి, గాలికి ఎదురుగా వెనక నుంచి మెల్లగా వెళ్లి వీపు మీద మందు ఒంపడం. వాంబట్‌కు చూపు అంతంత మాత్రం, వాసన, వినికిడి మాత్రం చురుకు. ఇందులో మేలు ఏమిటంటే, ఏ జంతువుకు ఎంత మందు పడిందో కళ్లారా తెలుస్తుంది. చిక్కు కూడా అక్కడే ఉంది. కర్రకు అందేవి కళ్లూ చెవులూ మూసుకుపోయి కదల్లేని రోగులు. ఇప్పుడిప్పుడే గజ్జి మొదలైనది మన అలికిడికే పరుగు తీస్తుంది, పోయి ఇంకో బొరియలో పురుగుల్ని రాలుస్తుంది.

రెండోది బొరియ ద్వారానికి మూత. ఐస్‌క్రీమ్ డబ్బా మూత లాంటి ప్లాస్టిక్ రేకును తీగ చట్రానికి వేలాడదీసి, దానికి ఒక సీసా మూతను బిగిస్తారు. అందులో మందు పోసి ఉంచుతారు. వాంబట్ తలతో రేకును నెట్టుకుంటూ దూరినప్పుడు సీసా మూత ఒరిగి మందు వీపు మీద పడుతుంది. చవక, తెలివైన ఏర్పాటు, మనిషిని చూసి జంతువు బెదిరే పని లేదు. మన తలుపు గడియ కూడా ఇంత సులువుగా పనిచేయదు! కానీ ఆ రేకును చిన్న కంగారూ లాంటి వాలబీ నెట్టినా, చెట్లెక్కే సంచి జంతువు పోసమ్ నెట్టినా మందు ఒలికిపోతుంది. పైగా వాంబట్ ఒకే ఇంట్లో ఉండదు. కొద్ది రోజులకొకసారి బొరియ మారుస్తుంది, ఒకటి ఖాళీ చేసిన దాంట్లోకి మరొకటి చేరుతుంది. లోపలి చల్లదనంలో, తేమలో పురుగు జంతువు ఒంటి మీద లేకపోయినా రెండు వారాలకు పైగా బతకగలదు. అందుకే ఒక వాంబట్‌కు నయం చేసినా, అది రేపు దూరే బొరియ దానికి మళ్లీ అంటించవచ్చు.

నరాన్‌టపులో 2015లో ఇదే జరిగింది. పశువుల వీపు మీద పోసే మాక్సిడెక్టిన్ మందును మూడు నెలల పాటు వారం వారం బొరియ మూతల్లో నింపారు. గజ్జి తగ్గింది. ఆపాక మళ్లీ వచ్చింది. నేను దీన్ని మూతల ఓటమి అనను. మాక్సిడెక్టిన్ ప్రభావం కొద్ది రోజులే, కాబట్టి ఒక్క వారం తప్పినా రక్షణలో కంత పడినట్టే.

ఇక్కడే లెక్క మారుతుంది. కుక్కలకు పిడుదుల మందుగా పేరుపడ్డ ఫ్లూరలానెర్‌ను టాస్మేనియా విశ్వవిద్యాలయం వారు వాంబట్‌లపై పరీక్షించి 2021లో ఫలితాలు ప్రచురించారు. ఒక్కసారి పోస్తే ఒకటి నుంచి మూడు నెలల వరకు రక్షణ ఉంటుందని తేలింది. మోతాదు ఖరీదు ఎక్కువే. అయితే వారం వారం కొండలెక్కి మూతలు నింపే స్వచ్ఛంద సేవకుల పెట్రోలునూ, ఓపికనూ కలిపి చూడాలి.

కాబట్టి నా ఓటు ఇలా. కంటికి కనిపించిన ఒక్క రోగికైతే కర్ర, అందులో ఫ్లూరలానెర్. పొలం నిండా బొరియలు ఉండి, జంతువులు ఎక్కడ దూరుతున్నాయో తెలియనప్పుడు మూతలు, కాకపోతే వాటిలోనూ దీర్ఘకాలం పనిచేసే మందే నింపాలి. మాక్సిడెక్టిన్‌ను నేను రెండో స్థానంలో ఉంచుతాను, అదీ వారం తప్పకుండా వెళ్లగలిగే బృందం ఉంటేనే. కళ్లు పూర్తిగా మూసుకుపోయి, చర్మం లోతుగా పగిలిన వాంబట్ విషయంలో మందు పోసే ముందు వన్యప్రాణి వైద్యుణ్ణి పిలవాలి, నొప్పి లేకుండా ప్రాణం తీయడమే మేలని ఆయన చెప్పవచ్చు. ఏ మందైనా అక్కడి అనుమతులకు లోబడే వాడాలి. పశువుల మందు దుకాణంలో సీసా దొరికినంత మాత్రాన దాన్ని అడవి జంతువు మీద పోసే హక్కు రాదు.