పైపు ట్రాకా, వీల్‌చెయిరా, గాలి టైర్ల బండా? మన ఊళ్లలో ట్రాకింగ్ షాట్‌కు ఏది మేలు?

జానపద పాటలు, షార్ట్ ఫిల్ములు తీసే కుర్రాళ్లు నల్గొండ, మహబూబ్‌నగర్ ఊళ్లలో ఇప్పుడు చాలామందే ఉన్నారు. నడిచే మనిషి పక్కన కెమెరా జారుతూ పోవాలని అందరికీ ఉంటుంది. గింబల్ ఉంది కదా అంటారు. గింబల్ కెమెరా ఒరగకుండా, అటూ ఇటూ తిరగకుండా పట్టుకుంటుంది. మనం అడుగేసినప్పుడల్లా కెమెరా పైకీ కిందికీ ఊగడాన్ని మాత్రం పూర్తిగా ఆపలేదు. చక్రాల మీద పోతే అడుగు అనేదే ఉండదు. అందుకే నేను మూడు రకాల డాలీలు, అంటే కెమెరాను మోసే చక్రాల బండ్లు, వాడి చూశాను.

డబ్బు ఒకదానికే ఉంటే పైపు ట్రాక్ చేయించండి. అంటే నేల మీద పరిచిన రెండు పైపుల మీద చక్రాలతో జారే చెక్క. మన నేల గతుకులది. మిగతా రెండూ నేల ఎలా ఉంటే అలా పోతాయి. ఇది తన దారిని తానే వేసుకుంటుంది.

చేయడం పెద్ద పని కాదు. మందపాటి ప్లైవుడ్ చెక్క, దాని కింద నాలుగు మూలలా నాలుగు ఇనుప ఎల్ యాంగిల్ ముక్కలు. యాంగిల్‌ను తిరగేసిన వీ ఆకారంలో బిగించి, ఒక్కో రెక్కకు రెండేసి స్కేటింగ్ చక్రాలు వేస్తే అవి రెండు వైపుల నుంచీ పైపును పట్టుకుంటాయి. మొత్తం 16 చక్రాలు. ఒక్కోదానిలో రెండు 608 బేరింగులు ఉంటాయి. వాటి లోపలి రంధ్రం 8 మిల్లీమీటర్లు కాబట్టి 8 మిల్లీమీటర్ల బోల్టు సరిపోతుంది. వెల్డింగ్ షాపులో రంధ్రాలు వేయించేటప్పుడు మాత్రం పక్కనే నిలబడండి. ఒక్క చక్రం వంకరగా పడినా షాట్ మొత్తం సన్నగా వణుకుతుంది. ఒక్కో యాంగిల్‌ను చెక్కకు ఒకే బోల్టుతో, కొంచెం తిరిగేలా బిగించాలి. నేను మొదట నాలుగింటినీ గట్టిగా వెల్డ్ చేయించాను. పైపుల మధ్య దూరం ఒక అంగుళం తేడా వస్తే చాలు, బండి పట్టుకుపోయేది.

పైపుల దగ్గర కక్కుర్తి పడొద్దు. ఒకటిన్నర అంగుళాల వ్యాసంలో, గోడ మందంగా ఉన్న పీవీసీ పైపు తీసుకోండి. సన్నది బరువు పడగానే మధ్యలో కుంగుతుంది. మన ఎండలో పరిచి వదిలేసి భోజనానికి పోతే వచ్చేసరికి వంగి ఉంటుంది. అందుకే రెండు మూడు అడుగులకొకటి కింద చెక్క ముక్క పెడతాను. పది అడుగుల ముక్కలైతే ఆటో మీద కట్టుకుపోవచ్చు. అతుకు దగ్గర లోపల సరిగ్గా పట్టే కర్ర దూర్చాలి. రెండు వైపుల అతుకులూ ఎదురెదురుగా రాకూడదు. వస్తే బండి ఒకేసారి ఎగురుతుంది, తెర మీద అది దాగదు. కీచుమంటే టాల్కం పౌడర్ చల్లండి. నూనె వేస్తే దుమ్మంతా అంటుకుంటుంది.

పానగల్లు చెరువు కట్ట మీద తెల్లవారుజామున ఇలా ట్రాక్ పరిచి తీసిన షాట్ చూస్తే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది. కానీ పరిచి, లెవెల్ చూసుకునేసరికి అరగంట పోయింది, వెలుతురు మారిపోయింది. ఇరవై అడుగులు దాటితే పైపు ట్రాక్ మోత బరువే.

అక్కడ వీల్‌చెయిర్ మేలు. 1959లో ఫ్రెంచ్ దర్శకుడు గొడార్ తన తొలి పూర్తి నిడివి సినిమా తీస్తూ పారిస్‌లో కెమెరామన్ రవూల్ కుటార్‌ను వీల్‌చెయిర్‌లో కూర్చోబెట్టి తోసుకుపోయాడు. మన సీసీ రోడ్డు మీదా అది బాగానే పోతుంది. ఇబ్బందంతా ముందున్న చిన్న చక్రాలతోనే. పగులు కనిపిస్తే అవి గిర్రున తిరిగిపోతాయి. కాబట్టి ముందుకు తోయకండి, వెనక్కి లాగండి. పెద్ద చక్రాలు ముందు పడతాయి, చిన్నవి కుదురుగా వెంట వస్తాయి. మనిషి మనకెదురుగా మాట్లాడుతూ నడిచొచ్చే షాట్‌కు ఇంతకంటే సుఖమైనది లేదు. కెమెరాను కుర్చీకి బిగించొద్దు. చేతుల్లో పట్టుకుంటే చిన్న కుదుపులను మోచేతులే మింగుతాయి. షాబాద్ బండలు పరిచిన వాకిట్లో మాత్రం ప్రతి అతుకు దగ్గరా టక్కుమంటుంది, బొమ్మలోనూ మైకులోనూ.

నాలుగు గాలి టైర్ల బండి మీద నాకు పెద్దగా నమ్మకం లేదు. గాలి కాస్త తగ్గిస్తే చిన్న రాళ్లను మింగుతుంది, నిజమే. చెలకలో మాత్రం ఒక చక్రం గుంటలో పడగానే చెక్క మొత్తం ఒరుగుతుంది. మిర్యాలగూడ వైపు రైస్ మిల్లుల్లో ఉండే వెడల్పాటి సిమెంటు గచ్చు దొరికితే వాడండి, లేకపోతే వద్దు.

ఏది వాడినా వైడ్ లెన్స్, అంటే ఎక్కువ వెడల్పు చూపేది, పెట్టండి. బొమ్మను దగ్గరికి లాగే 85 మిల్లీమీటర్ల లెన్స్‌తో అదే కుదుపు ఎన్నో రెట్లు పెద్దగా కనిపిస్తుంది. పెదాల కదలిక పాటతో కలవాల్సిన పని లేని షాట్ అయితే సెకనుకు 50 ఫ్రేముల్లో తీసి 25లో నడపండి, వణుకు వేగం సగమవుతుంది.

ఇక వరి మడి ఒడ్డు. అడుగున్నర వెడల్పులో ఈ మూడింటిలో ఏదీ పట్టదు. అక్కడ నేను రెండు స్టూళ్లు వేసి, వాటి మీద పది అడుగుల ఇనుప పైపులు రెండు దగ్గరదగ్గరగా కట్టి, చిన్న చెక్క మీద కెమెరా ఒక్కదాన్నే జరుపుతాను.