ఎండకు క్రీము పరీక్ష: 3టీ3 కణాలా, ల్యాబ్‌లో పెంచిన చర్మమా?

"అన్నా, మా ఫేస్‌ప్యాక్‌కు ఫోటోటాక్సిసిటీ టెస్టు చేయించాలి, 3టీ3 సరిపోతుందా, స్కిన్ మోడలే కావాలా?" అనంతపురం, కడప వైపు నుంచి ఈమధ్య నన్ను పదేపదే అడుగుతున్నది ఇదే. ఫోటోటాక్సిసిటీ అంటే ఒంటికి రాసుకున్నది వెలుతురు తగిలి చర్మాన్ని కాల్చడం, స్కిన్ మోడల్ అంటే ల్యాబ్‌లో పెంచిన చర్మం. అడిగేవాళ్లలో ఎక్కువమంది చీనీ తొక్కల పొడి, నిమ్మనూనె, బావంచాల నూనె లాంటివి కలిపి చిన్నస్థాయిలో తయారుచేసి అమ్మేవాళ్లు. అడగడం చాలా మంచిది. బావంచాల్లో సొరాలెన్ ఉంటుంది, నిమ్మజాతి తొక్కల నూనెలు కొన్నింట్లో బర్గాప్టెన్ ఉంటుంది, ఇవి ఒంటిమీద ఉండగా మన సీమ ఎండ తగిలితే చర్మం కమిలి బొబ్బలెక్కుతుంది, ఆ మచ్చ నెలల తరబడి పోకపోవచ్చు. కాస్మెటిక్స్‌ను జంతువుల మీద పరీక్షించడం మన దేశంలో 2014 నుంచి నిషేధం, కాబట్టి ఆ దారి లేదు.

3టీ3 అంటే ఎలుక పిండం నుంచి వచ్చిన కణాలు. మీ పదార్థం వేసిన ఒక ప్లేటు చీకట్లో, ఇంకోటి చదరపు సెంటీమీటరుకు 5 జౌళ్ల యూవీఏ (ఎండలో ఉండే ఒక రకం అతినీలలోహిత కిరణాలు) కింద, సుమారు 50 నిమిషాలు. బతికిన కణాలు న్యూట్రల్ రెడ్ రంగును పీల్చుకుంటాయి, రెండు ప్లేట్లనూ పోల్చి లెక్క కడతారు. ఓఈసీడీ (చాలా దేశాలు కలిసి పరీక్షా పద్ధతులు ఖరారు చేసుకునే సంస్థ) 432 పద్ధతి ఇదే, 2004 నుంచి ఉంది. ఖర్చు తక్కువ, త్వరగా అయిపోతుంది, "ప్రమాదం లేదు" అని చెప్తే చాలావరకు నమ్మొచ్చు. అయితే అతిగా పట్టేస్తుంది, చర్మం మీద ఏమీ చేయని పదార్థాన్ని కూడా దోషిగా చూపించేస్తుంది.

నా లెక్కలో అసలు తేడా చర్మం పైపొర. ఆ ఎలుక కణాలు ద్రవంలో మునిగి ఉంటాయి, మీ పదార్థం నేరుగా వాటిని తాకుతుంది. మనిషికి అలా జరగదు, పైన చచ్చిన కణాల పొర అడ్డం ఉంటుంది, అది దాటి ఎంత లోపలికి పోయిందన్న దాన్నిబట్టే చర్మం కాలేదీ కాలనిదీ తేలుతుంది. పైగా నూనె, క్రీము ఆ ద్రవంలో కలవవు, అందుకని మీరు అమ్మేది ఒకటి, ల్యాబువాళ్లు పరీక్షించేది ఇంకొకటి అవుతుంది. ల్యాబ్‌లో పెంచిన చర్మమైతే మనుషుల కణాలతోనే గాలి తగిలేలా పెంచుతారు, పైపొర కడుతుంది, మీ క్రీమునే తెచ్చి దానిమీద రాయొచ్చు. 2021లో వచ్చిన ఓఈసీడీ 498 పద్ధతిలో 6 జౌళ్ల యూవీఏ ఇచ్చి మరుసటి రోజు ఎంటీటీ అనే రంగు పరీక్షతో బతికిన కణాలను కొలుస్తారు, వెలుతురు పడని ముక్కకన్నా పడిన ముక్కలో బతికిన కణాలు 30 శాతం లేదా అంతకన్నా ఎక్కువ తగ్గితే ఫోటోటాక్సిక్ అన్నట్టే.

దీనికీ కష్టాలున్నాయి. రేటు బాగా ఎక్కువ, ముక్కలు చల్లగా ప్యాక్ అయి రావాలి, వచ్చాక కొన్ని రోజుల్లోనే వాడేయాలి, మన వేసవిలో కొరియర్ ఆలస్యమైతే టెన్షనే. ల్యాబ్ చర్మం పైపొర నిజమైన మనిషి చర్మం అంత గట్టిది కూడా కాదు, కాకపోతే ఆ తేడా జాగ్రత్త వైపే పనిచేస్తుంది. మింగే మందు రక్తం ద్వారా చర్మానికి చేరే సంగతి వేరు, అక్కడ పైపొర పాత్ర లేదు, 3టీ3యే ముందు.

రాస్ పరీక్ష (వెలుతురు పడితే పదార్థం వల్ల చురుకైన ఆక్సిజన్ పుడుతుందా అని చూసేది), కాంతిని పీల్చే గుణం కొలవడం అనేవి తొలి వడపోతకు పనికొస్తాయి. 290 నుంచి 700 నానోమీటర్ల మధ్య పదార్థం కాంతిని పీల్చకపోతే మిగతావి అక్కర్లేదు.

అందుకే ఒంటికి రాసుకునే వస్తువుకు నేను ల్యాబ్ చర్మం వైపే మొగ్గుతాను. డబ్బు తక్కువైతే ముందు సారాన్ని 3టీ3లో వేయించండి, నెగెటివ్ వస్తే ఆగిపోవచ్చు, పాజిటివ్ వస్తే అప్పుడు అమ్మే క్రీమునే పంపి స్కిన్ మోడల్ మీద చేయించండి. ఎండ వల్ల వచ్చే అలర్జీని ఈ రెండూ పట్టవు, అది వేరే విషయం. బావంచాల నూనెకైతే ఎండతో గొడవేనని ముందే తెలుసు కాబట్టి, "రాసుకుని ఎండలోకి వెళ్లొద్దు" అని సీసా మీద తెలుగులో పెద్ద అక్షరాలతో ఈ బ్యాచ్ నుంచే వేయండి.