థ్రెడెడ్ హెడ్‌సెట్, థ్రెడ్‌లెస్ హెడ్‌సెట్: రెండూ ఏళ్ల తరబడి వాడాక

హెడ్‌సెట్ అంటే హ్యాండిల్ సాఫీగా తిరిగేలా సైకిల్ ఫ్రేమ్ ముందు గొట్టంలో ఉండే బేరింగుల అమరిక. నాకు రెండు సైకిళ్లున్నాయి. పాత స్టీల్ సైకిల్‌కి 1 అంగుళం థ్రెడెడ్ హెడ్‌సెట్, తర్వాత కొన్నదానికి 1-1/8 అంగుళాల థ్రెడ్‌లెస్. రెండింటి రిపేర్లూ నేనే చూసుకుంటాను. సరిగ్గా బిగించి ఉంటే తొక్కేటప్పుడు ఏది ఏదో నాకైతే తెలియదు. తేడా అంతా పనిముట్లు బయటికి తీసినప్పుడే.

థ్రెడెడ్‌లో ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టుకునే భాగం) గొట్టం పైభాగానికి మరలు ఉంటాయి. పైనున్న కప్పు (బేరింగ్‌ని పట్టే గిన్నె లాంటి భాగం) ఆ మరల మీదుగా దిగి బేరింగ్‌ని నొక్కుతుంది. దాని మీద వాషర్, ఆపైన లాక్‌నట్. చిక్కంతా ఈ లాక్‌నట్‌తోనే. కప్పుని చక్కగా కుదిర్చి లాక్‌నట్ బిగిస్తామా, అది కప్పుని ఇంకాస్త కిందికి నొక్కేస్తుంది, హ్యాండిల్ పట్టేస్తుంది. అందుకని కప్పుని కొంచెం లూజుగానే వదిలి, పల్చటి 32 మి.మీ. స్పానర్‌తో కదలకుండా పట్టుకుని, ఇంకో స్పానర్‌తో లాక్‌నట్ బిగించాలి. ఒక్కసారికి కుదిరితే అదృష్టమే. పైగా గతుకుల రోడ్ల మీద అది మెల్లగా వదులవుతుంది. ముందు బ్రేకు పట్టి సైకిల్‌ని ముందుకీ వెనక్కీ ఊపితే టక్ టక్ మంటుంది. అలాగే తొక్కుతూ పోతే కప్పుల్లో గుంటలు పడతాయి. అప్పుడిక హ్యాండిల్ నేరుగా ఉన్న చోట పట్టుకుని ఆగుతుంటుంది. ఆ దశకి వస్తే ఎంత గ్రీజు పెట్టినా లాభం లేదు, కప్పులు మార్చాల్సిందే.

థ్రెడ్‌లెస్‌లో ఈ తలనొప్పి లేదు. 1990ల మొదట్లో డయా-కాంప్ అనే కంపెనీ 'అహెడ్‌సెట్' పేరుతో తెచ్చిన పద్ధతి ఇది. ఇందులో గొట్టానికి మరలుండవు, స్టెమ్ (హ్యాండిల్‌ని ఫోర్క్ గొట్టానికి కలిపే భాగం) దాని చుట్టూ బిగుసుకుంటుంది. స్టెమ్ పక్క బోల్టులు వదులు చేసి, టాప్ క్యాప్ (గొట్టం పైనుండే మూత) బోల్టుని ఆ టక్ టక్ పోయేదాకా కొద్దికొద్దిగా తిప్పి, హ్యాండిల్‌ని చక్రానికి సూటిగా పెట్టి, పక్క బోల్టులు బిగిస్తే అయిపోయింది. నా సైకిల్‌కి ఒక్క 5 మి.మీ. అలెన్ కీ చాలు, రోడ్డు పక్కన నిలబడే చేసుకోవచ్చు. స్టెమ్‌ని పట్టి ఉంచేది టాప్ క్యాపే అనుకుని దాన్ని బలంగా బిగించేవాళ్లున్నారు. దాని పని బేరింగ్‌ని సర్దడం వరకే, పట్టు అంతా పక్క బోల్టులదే.

హ్యాండిల్ ఎత్తు విషయానికొస్తే మాత్రం పాతదే మేలు. అందులో స్టెమ్ గొట్టం లోపలికి దిగి ఉంటుంది. పై బోల్టుని రెండు మూడు చుట్లు వదులు చేసి, చెక్కముక్క పెట్టి ఒక దెబ్బ వేస్తే లోపల స్టెమ్‌ని పట్టి ఉంచే వెడ్జ్ (చీల లాంటి ముక్క) ఊడుతుంది. స్టెమ్‌ని కావలసినంత పైకి లాగి మళ్లీ బిగించడమే, స్టెమ్ మీదుండే కనీస లోతు గీత బయటికి కనబడకూడదు, అంతే. నడుం నొప్పి ఉన్నవాళ్లకి ఇది చిన్న సౌకర్యం కాదు. థ్రెడ్‌లెస్‌లో స్పేసర్లు (స్టెమ్ కింద పెట్టే రింగులు) ఎంతవరకు ఉంటే అంతవరకే. గొట్టం ఒకసారి కోశారంటే ఇక పెంచడం కుదరదు.

స్టీల్ గొట్టంలో అల్యూమినియం స్టెమ్ ఉంటే ఏడాదికోసారైనా బయటికి తీసి గ్రీజు రాయండి. చెమట, వాన నీళ్లు దిగి అతుక్కుపోతే దాన్ని లాగడం నరకం.

కొత్త సైకిల్ కొనేవాళ్లు ఆలోచించే పనే లేదు, థ్రెడ్‌లెస్ ఉన్నదే తీసుకోవచ్చు. పాత సైకిల్ ఉన్నవాళ్లు దీని కోసమే ఫోర్క్ మార్చాలని మాత్రం అనను. కొత్త రకం స్టెమ్ మీద మోజు ఉంటే, పాత గొట్టంలో పెట్టే 22.2 మి.మీ. అడాప్టర్ దొరుకుతుంది. అది వేసినా లాక్‌నట్ బాధ మాత్రం తప్పదు, హెడ్‌సెట్ అదే కదా.